సర్కారు కప్ప

ఆ శనివారం ఉదయం సువర్ణ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి హైదరాబాదు నుంచి వచ్చే కప్పల శాస్త్రవేత్త డాక్టరుగారికి ఒక కప్పను చూపించాలి. పదకొండింటికి సర్వే కాగితాల మీద సంతకం పెట్టించుకోవాలి. మర్నాడు ఆదివారం బొజ్జయ్య మేస్త్రి రాగానే ఇంటి వెనక పగుళ్ళిచ్చి కారుతున్న పాత సిమెంటు నీళ్ళతొట్టిని, అదే గోలేన్ని, పగలగొట్టించి, దాని చోట టైల్సు వేసిన బాత్రూం కట్టించాలి. ఈ మూడింటిలో కప్పే సులువైన పని అనుకుంది పాపం.

సువర్ణ అటవీశాఖలో బీట్ ఆఫీసర్. కారేపల్లి అవతల అడవి అంచున ఉన్న తండాయే ఆమె సొంతూరు. తండాకి కిలోమీటరు దూరంలోని తుంగచెరువు ఆమె బీటులోదే. అది రక్షిత ప్రాంతం కాబట్టి అందులో వల వేయకూడదు, గొడ్డు దిగకూడదు. ఆ చెరువులో ఎన్ని రకాల కప్పలు, పాములు, తొండలు, తాబేళ్ళు ఉన్నాయో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గట్టు వెంట బకెట్లు పాతిపెట్టి, రోజూ పొద్దున్నే వెళ్ళి వాటిలో పడ్డ జీవాలను చూసి, రాసుకుని, వదిలేయడం పద్ధతి. అయిదో రోజు ఒక బకెట్లో గుండ్రటి కప్ప కనిపించింది. దాని వీపుకి రెండు వైపులా ఇటుకరంగు పట్టీలున్నాయి. ఫోటో తీసేలోపు అది కదిలింది. ఫోటోలో కప్ప కన్నా సువర్ణ బొటనవేలే స్పష్టంగా పడింది. ఆమె పుస్తకం తిరగేసి, పేరు పోల్చుకుని, షీటులో రాసేసింది.

రేంజ్ ఆఫీసర్ తుల్సీరాం ఆ షీటును కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివాడు.

"ఈ కప్పను ఈ ఇలాకాల ఇప్పటిదాంక ఎవ్వరూ రాయలే. నీకొక్కదానికే కనపడ్డదా? డాక్టరమ్మ శనివారం వస్తున్నది. ఫోటోలు నడవయి, కప్పనే చూపియ్యి, లేకుంటే ఆ లైను కొట్టెయ్యి. కొట్టేస్తే మాత్రం, లేనిది ఎందుకు రాసినవో జవాబు గూడ రాసియ్యాలె."

సువర్ణ ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. 'లేనిది రాసింది' అన్న కాగితం ఒక్కటి ఫైల్లో పడితే ఉద్యోగం ఊగిసలాడుతుంది. అయితే ఆమెను నిద్ర పోనివ్వనిది ఉద్యోగం కాదు, ఆ మాట. తండాలో అందరికన్నా ముందు యూనిఫాం వేసుకున్న ఆడపిల్ల కళ్ళతో చూసిన దాన్ని కాదని కొట్టేయడం ఎలా? అదృష్టం బాగుండి శుక్రవారం అదే జాతి కప్ప మళ్ళీ బకెట్లో పడింది. ఆఫీసుకి రేకుల కప్పు కాబట్టి అక్కడ పెడితే సాయంత్రానికి వేపుడవుతుందని, తుల్సీరాంకి చెప్పి, బకెట్‌తో సహా ఇంటికే తెచ్చి, పైన గుడ్డ కట్టి గోలెం పక్క నీడలో పెట్టింది.

కూతురు యూనిఫాం వేసుకున్న రోజు తల్లి హేమ్లి ఆమెతో తమ లంబాడి మాటలో మాట్లాడదు, తెలుగులోనే మాట్లాడుతుంది. ఆఫీసర్లతో అలాగే మాట్లాడాలని ఆమె అభిప్రాయం. కూతురంటే ప్రాణమే గానీ ఒక కోపం కూడా ఉంది. అడవిలో ఎండుపుల్ల ఏరినా, తేనెపట్టు వంక తలెత్తి చూసినా సువర్ణ అడిగేది ఒకటే మాట: "అనుమతుందా?"

"యాడీ," అంది సువర్ణ తల్లితో, శనివారం పొద్దున బూట్లు వేసుకుంటూ, "ఇది సర్కారు కప్ప. పదింటికి హైదరాబాద్ నుంచి పెద్ద మేడం దీనికోసమే వస్తున్నది. అప్పటిదాంక గడియకోసారి దీని మీద ఇన్ని నీళ్ళు పొయ్యి. ఎండనియ్యకు."

"మేడం వచ్చేదాంక కప్ప మీద నీళ్ళు పొయ్యాలె. అంతేగద?"

"అవ్. అంతే."

మిగిలిన బకెట్లు పీకడానికి సువర్ణ చెరువుకి వెళ్ళిపోయింది. తల్లి ముఖం ఎందుకంతగా వెలిగిపోయిందో ఆగి అడిగి ఉంటే ఈ కథ లేదు.

ఆషాఢం సగమైనా చినుకు లేదు. పత్తి గింజలు రెండుసార్లు పెట్టినా మట్టిలోనే మాడిపోయాయి. ఇలాంటప్పుడు ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కప్పతల్లి ఆడతారు. కప్పను వేపాకుతో కలిపి తడిగుడ్డలో మూటకట్టి రోకలికి వేలాడదీసి, ఇద్దరు చెరో చివరా భుజానికెత్తుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ కప్ప మీద బిందెడు నీళ్ళు పోస్తుంది. కప్ప తడిస్తే వాన పడుతుందని నమ్మకం. ఇప్పుడు సర్కారే ఒక కప్పను పట్టించి, పెద్ద మేడం వచ్చేదాకా దాని మీద నీళ్ళు పోయమంటే హేమ్లి ఏమనుకోవాలి? ఇన్నాళ్ళకు సర్కారుకు బుద్ధి వచ్చిందనుకుంది.

సరిగ్గా అప్పుడే పక్క ఊరి ఆదెమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. ఏటా కప్పతల్లి ఆటకు ఆవిడే పెద్ద.

"నాలుగు దినాల సంది తిరుగుతున్న వదినే, చెరువు కప్ప ఒక్కటి దొరకలే. అన్ని కుంటలూ ఎండె. తుంగచెరువుల ఉంటయి గని, నీ బిడ్డ అడుగు పెట్టనియ్యదాయె."

"నా బిడ్డనే తెచ్చింది," అంది హేమ్లి, బకెట్ మీది గుడ్డ తీస్తూ. "తుంగచెరువుదే. ఈసారి కప్పతల్లి సర్కారే ఆడిస్తున్నది. మొదలు పెట్టుండ్రి, పదింటికి మేడం వస్తది."

తొమ్మిదింటికి సువర్ణ తిరిగొచ్చేసరికి బకెట్ ఖాళీగా ఉంది. తల్లి పండగ బట్టలు కట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"యాడీ, కప్పేది?"

"ఊరేగింపుల ఉంది."

సువర్ణ ఏ ఊరేగింపని అడిగింది. విషయమంతా విని, ఖాళీ బకెట్ చేతిలో పట్టుకుని పరుగందుకుంది. మొదటి ఇంటికి వెళితే వాకిలి తడిగా ఉంది గానీ కప్ప దాటిపోయింది. నాలుగో ఇంట్లో ఇప్పుడే వెళ్ళారన్నారు. యూనిఫాంలో ఉన్న మనిషి కప్ప ఎక్కడని చెమటలు కక్కుతూ అడుగుతుంటే జనానికి ఉన్న అనుమానం కూడా తీరిపోయింది. కప్పకు బందోబస్తు కూడా ఇచ్చారన్నమాట! ఇంటికొకరు చొప్పున బిందెలు పట్టుకుని ఆమె వెనక బయలుదేరారు. ఆగమని ఆమె చెయ్యెత్తితే వరస సరిచేస్తోందనుకుని బారుగా నిలబడ్డారు. సువర్ణ పక్క ఊరి బజారు చేరేసరికి వెనక హేమ్లితో కలిపి నలభై మంది ఉన్నారు.

బజారులో అప్పటికే టెంటు లేచింది. డప్పులు మోగుతున్నాయి. టెంటు వేయించింది చెంచురామయ్య. ఆయన తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరప చేలు పెట్టారు. మూడు తరాలైనా ఆ ఇంటి యాస మాత్రం ఏరు దాటలేదు.

"రా అమ్మాయ్, రా! గవర్నమెంటు వారే ఇంత శ్రద్ధగా కప్పను పంపిస్తే మేం పులిహోరైనా పెట్టకపోతే బాగుంటుందా?"

"అది సర్వే కప్ప అండీ! ఆపండి, నా మాట వినండి!"

డప్పుల హోరులో ఆయనకు వినపడలేదు. పులిహోర బాగుందంటోందనుకుని ఇంకో విస్తరి వేయమన్నాడు.

తండాకి దారి ఆ బజారు మీదుగానే కాబట్టి పదింటికి జీపు అక్కడికే వచ్చింది. డాక్టర్ పద్మప్రియ దిగీ దిగకముందే మెడలో బంతిపూల దండ పడింది. తుల్సీరాం దిగి టెంటును, డప్పులను, బిందెలను, చివరికి సువర్ణను చూశాడు.

"ఏంది సువర్ణా ఇది? సర్వేనా, జాతరనా? ఏదీ కప్ప?"

సువర్ణ రోకలి వైపు వేలు చూపించింది. తుల్సీరాం విసవిసా వెళ్ళి రోకలి పట్టుకుని గుంజాడు. ఆయనకు తెలియనిదేమిటంటే, రోకలి పట్టిన వాళ్ళకు కూడా కప్పతో పాటే స్నానం.

"పెద్దసారు పట్టిండు!" అని కేకేసింది ఆదెమ్మ. "పొయ్యుండ్రి!"

మూడు బిందెలు ఒక్కసారే కుమ్మరించారు. ఆ తర్వాత వరసలో ఉన్నవాళ్ళు మాకు వాటా లేదా అని మరో నాలుగు పోశారు. సందడి సద్దుమణిగాక డాక్టరుగారు నవ్వాపుకుంటూ మూట విప్పారు. లోపల వేపాకు ఉంది. కప్ప లేదు. ఏ ఇంటి దగ్గర జారిపోయిందో ఎవరికీ తెలియదు.

తుల్సీరాం టోపీ పిండుకున్నాడు. "అంటే లేనట్టే గద. ఆ లైను కొట్టెయ్యి."

సువర్ణ షీటు తీసింది. కలం తీసింది. లైను మాత్రం కొట్టలేదు. ఇంతమందిలో ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు ఆమె మాట వినలేదు.

"లేనిది రాయలేదు సార్. ఉన్నదే పోయింది."

ఆదెమ్మ రోకలి పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "కప్ప కోసం ఏడుస్తవా బిడ్డా? గసొంటియి మా గోలెం కింద రెండున్నయి. మీ అమ్మ గోలెం కింద గంపెడు ఉంటయి."

"గసొంటియా? వీపు మీద ఇటుకరంగు పట్టీలున్నయా?"

"అవ్, గవే. రాత్రి గోడలెక్కుతయి. పొద్దున మూట కట్టేటప్పుడే అనుకున్న, ఈ గోలెం కప్ప చెరువుకెట్ల పోయిందా అని."

"మరి ఇంట్ల కప్పలు పెట్టుకుని మా చెరువు కప్పనెందుకు ఎత్కపోతిరి?" అన్నాడు తుల్సీరాం, ముక్కు చివర నుంచి నీళ్ళు కారుతుండగా.

ఆదెమ్మ ఆయన అజ్ఞానానికి జాలిపడింది. "ఇంటి కప్ప కప్పతల్లికి పనికిరాదు సారూ. దానికి రోజూ నీళ్ళే. అది వాననెందుకు అడుగుతది?"

సువర్ణ అయిదో తరగతి నుంచీ హాస్టల్లో చదువుకుంది. ఇంటికొచ్చినా ముందరి నల్లా దగ్గరే స్నానం. గోలెం వైపు వెళితే ముక్కు మూసుకునే వెళ్ళేది. ఆరు రోజులు చెరువు గట్టంతా గాలించిన మనిషి తన ఇంటి వెనక ఒక్కసారి వంగి చూడలేదు. ఆమెకు సిగ్గు, సంతోషం ఒకేసారి వచ్చాయి. తల్లివైపు తిరిగి, "నువ్వైనా చెప్పలేదేం యాడీ?" అంది.

"సర్కారు కప్ప అంటివి," అంది హేమ్లి. "మనింటిది అనలేదుగద."

ఆడవాళ్ళు బిందెలతో తలో దిక్కుకీ పరుగెత్తారు. అరగంటలో తిరిగొచ్చారు. బిందెల్లో, పచ్చడి డబ్బాల్లో, ఒకరైతే మూత పెట్టిన చెంబులో తెచ్చారు. మొత్తం పదిహేడు కప్పలు. అందులో తొమ్మిది హేమ్లి గోలెం కిందివే. డాక్టరుగారు మెడలో దండతోనే టెంటు కింద చాప మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ కొలిచి, ఫోటో తీసి లేచారు.

"సువర్ణా, మీరు రాసింది అక్షరాలా నిజం. వానల్లో ఇవి చెరువుకెళ్ళి గుడ్లు పెడతాయి, ఎండాకాలమంతా గోలేల కింద తలదాచుకుంటాయి. ముందే బయల్దేరిన ఒకటీ అరా మీ బకెట్లో పడ్డాయి గానీ, చెరువొక్కటే చూసిన వాళ్ళకి ఇవి దొరకవు. ఈ కప్పని ఇక్కడ మొదట రాసింది మీరేనని రిపోర్టులో పెడుతున్నాను."

చెంచురామయ్య ఇచ్చిన జరీ పంచె కట్టుకుని తుల్సీరాం సర్వే కాగితాల మీద సంతకం చేశాడు. "పట్టు విడువలేదు, మంచిగ చేసినవ్," అని నెమ్మదిగా అన్నాడు. అలవాటు లేని మాట కావడంతో వెంటనే దగ్గొచ్చింది. మూడింటికి టెంటు మీద టపటపమని చినుకులు పడ్డాయి. అయిదు నిమిషాల్లో కుండపోత. పదిహేడు కప్పలనూ గొడుగుల కింద ఎవరింటి గోలేనికి వాళ్ళు సాగనంపారు. వచ్చే ఏడు కప్పను కాస్త ముందుగా పంపమని చెంచురామయ్య అటవీశాఖకు అర్జీ కూడా రాసిచ్చాడు.

ఆ రాత్రి సువర్ణ యూనిఫాం విప్పి, రిపోర్టును తల్లికి తమ భాషలో చెప్పి వినిపించింది. ఈ జాతి ఎక్కువగా కనిపించిన చోటు హేమ్లిగారి గోలెం అని, దాని కింది తేమను చెదరగొట్టరాదని, అక్కడ ఏ మార్పు చేయాలన్నా శాఖ అనుమతి తప్పనిసరి అని అందులో ఉంది. కింద డాక్టరుగారి సంతకం పక్కన, బీట్ ఆఫీసర్‌గా సువర్ణ సంతకమే ఉంది. చివరి వాక్యాన్ని హేమ్లి రెండుసార్లు చెప్పించుకుంది.

ఆదివారం పొద్దున్నే గడ్డపారతో వచ్చిన బొజ్జయ్య మేస్త్రికి, వెనకే వచ్చిన కూతురికి, హేమ్లి గోలెం అంచు మీద కూర్చుని తెలుగులో ఒకటే ప్రశ్న వేసింది: "అనుమతుందా?"