ఫొటోలకు వచ్చిన కామెర్లు

2003లో ఒక ఆదివారం పొద్దున్న నాగసతీష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొబ్బరి వర్తకుల సంఘానికి చేసిన వెబ్‌సైటును సీడీలోకి ఎక్కించుకోవాలి, కల్యాణమండపంలో సభ్యులందరికీ తెరమీద చూపించాలి, సంఘంవారి పనసపొట్టు కూరతో భోంచేసి ఇంటికి రావాలి. అమలాపురం బస్టాండు వెనక అతనూ, భార్య యామినీ పెట్టిన కంప్యూటర్ షాపుకు అది మొదటి పెద్ద పని. అది నచ్చకపోతే షాపుకు మళ్ళీ జెరాక్సులే గతి.

ఇద్దరూ ఒకే పనిమీద చేతులు పెడతారు కనుక, ఎవరు ఏది మార్చినా పాత ప్రతి పోకుండా దాచే వెర్షన్ కంట్రోల్ ప్రోగ్రాం ఒకటి యామిని పెట్టింది. ఆమెది లినక్స్ మిషను, అతనిది విండోస్. సీడీ చేయబోతూ అతను సభ్యుల వివరాల ఫైలు తెరిస్తే, పేర్లన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి వరసగా కనిపించాయి. లైను ముగిసిందని చెప్పడానికి లినక్స్ ఒక్క గుర్తు పెడుతుంది, విండోస్‌కు రెండు కావాలి. అతనికి ఆ సంగతి తెలుసు. యామిని స్నానం చేసి వచ్చేలోగా బాగుచేసి మెప్పు పొందుదామని, రెండో గుర్తు చేర్చే చిన్న ప్రోగ్రాం రాసి ఫోల్డరు మొత్తం మీద నడిపేశాడు. పేర్లు బుద్ధిగా వరసల్లో నిలబడ్డాయి. అదే ఫోల్డరులో సభ్యుల ఫొటోలు కూడా ఉన్నాయని అతనికి తట్టలేదు. మార్పులన్నీ దాచి, సీడీ పట్టుకుని బయల్దేరాడు.

తెర బాగా కనబడాలని మండపం కిటికీలకు ఆకుపచ్చ టార్పాలిన్లు కట్టించారు. సంఘం అధ్యక్షులు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ముందువరసలో మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. లైట్లు ఆర్పగానే ఆయన ఫొటో వచ్చింది. మెడ ఒక పక్కకు వాలిపోయింది. ముఖం అరిటాకులా ఉంది.

"ఓరి నాయనో! మీకు పచ్చకామెర్లండీ!" అని ఆయన భార్య దుర్గమ్మ గారు గుండె బాదుకున్నారు.

"నాకేటే? పొద్దున్న పెసరట్టు తిన్నానుగా!"

"మొదట్లో ఆకలి బాగానే ఉంటాదండీ, ఆయ్," అన్నాడు వెనకనుంచి ఒక సభ్యుడు.

ఆయన చెయ్యి చూసుకున్నారు. టార్పాలిన్ వెలుగులో అది కూడా పచ్చగానే ఉంది. ఆయన మీసం దువ్వడం మానేశారు.

నాగసతీష్ కంగారుగా మీట నొక్కాడు. కార్యదర్శి వచ్చారు, ఇంకా పచ్చగా. తర్వాత కోశాధికారి. ఆయన గడ్డం చెవి పక్కకు చేరింది.

"సంఘం సంఘాన్నే పట్టేసిందండీ! కిందటి మీటింగులో పులిహోర తిన్నాం కదా, అదే!" అని ఇంకో సభ్యుడు అరిచాడు.

ఆ మాట విని వంటమనిషి త్రిమూర్తులు గరిటతో సహా వచ్చాడు. "నా పులిహోరనంటారా? అయితే ఇవాళ ఎవరికీ మెతుకు పెట్టను!" అని వెళ్ళి వంటగది గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు.

"పాడైంది ఫొటోలండీ, మనుషులు కాదు!" అని నాగసతీష్ మొత్తుకున్నాడు.

"ఫొటో ఎక్కడన్నా అబద్ధం చెప్తాదా బాబూ?" అంటూ నలుగురు సభ్యులు అధ్యక్షుల వారిని వ్యానెక్కించి, కళ్ళలో పసరు మందు వేయించడానికి ఆలమూరు తీసుకుపోయారు.

నాగసతీష్ ఇంటికి ఫోన్ చేశాడు.

"ఫొటోల మీద కూడా నడిపేసేరా?" అంది యామిని. "ఫొటోలో లైన్లుంటాయేటండీ? అవన్నీ వరసగా పేర్చిన రంగుల అంకెలు. లైను గుర్తులా కనబడ్డ అంకె పక్కనల్లా ఇంకొకటి దూరిస్తే మిగతావన్నీ పక్కకి జరుగుతాయి. రంగు మారుద్ది, మెడ వాలుద్ది."

"ఇప్పుడెలాగే?"

"నిన్నటి ప్రతులున్నాయి. వాటిని బయటికి తీసి, ఇకమీదట ఫొటోల జోలికి ఎవరూ పోకుండా గుర్తు పెట్టి తెస్తాను. మీరు మాత్రం దేన్నీ బాగుచెయ్యకండి."

ఆమె వచ్చి కొత్త సీడీ పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకలితో నీరసించిన సభ్యుల ముందు తెరమీద అధ్యక్షులు ఎర్రగా, నిటారుగా ప్రత్యక్షమయ్యారు. సరిగ్గా అప్పుడే అసలు మనిషి కళ్ళవెంట పసరు కారుతూ గుమ్మంలోకి వచ్చారు.

"తగ్గిపోయిందండీ!" అని హాలు మారుమోగింది. తర్వాత కార్యదర్శి, కోశాధికారి కూడా తెరమీద నిగనిగలాడారు. "ఒక్కరికి వేస్తే సంఘమంతటికీ తగ్గింది! ఏం మందండీ బాబూ!"

నాగసతీష్ నిజం చెప్పబోయాడు. అధ్యక్షులు చెయ్యెత్తారు. "ఆగవయ్యా. మందు పడ్డ కాణ్ణించీ ఒళ్ళు దూదిపింజలా ఉంది. నువ్వేటో ఫొటోలంటావు!"

పులిహోర మీద మచ్చ తొలగిందని త్రిమూర్తులు లేచి విస్తళ్ళు వేశాడు. యామిని ఒక్కతే ప్రశాంతంగా భోంచేసింది. షాపు పరువు పోయిందని నాగసతీష్‌కు ముద్ద దిగలేదు.

మర్నాడు షాపు తెరవగానే రావులపాలెం అరటి వర్తకులు వచ్చారు. తమకూ వెబ్‌సైటు కావాలన్నారు.

"మీ కంప్యూటరు మనిషి ఒంట్లో జబ్బు ఇట్టే పట్టేస్తాదంటగదండీ. మా ఫొటోలు కూడా ముందోసారి పచ్చగా వస్తాయేమో చూడండి."

యామిని భర్త వంక చూసి, "ఆ పని మా ఆయన చూస్తారండీ. అనుభవం ఉంది," అంది.