మునెమ్మత్త గోడ, రెండు కృష్ణబిలాలు

అర్జీ రాయాలి. గోడ పగులుకు ఫొటో తీయాలి. మున్సిపల్ ఆఫీసులో టోకెన్ తీసుకోవాలి. రెండో ఇంటివాళ్ల సాక్షి సంతకం తేవాలి. మునెమ్మత్త నాకు అప్పజెప్పిన పనులు ఇవి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, అదీ ఫిజిక్సులో. వాటిలో మూడు శ్రద్ధగా పూర్తి చేశాను.

పక్కన బిల్డింగు పునాదికి నేలలో స్తంభాలు దిగ్గొట్టే పైలింగ్ మిషను దిగడం ఎంత అదృష్టమో చాలామందికి తెలియదు!

ఎక్కడో రెండు కృష్ణబిలాలు గుద్దుకుని ఒకటైతే, ఆ అదురు నూటముప్పై కోట్ల ఏళ్లు నడిచి భూమికి చేరింది. ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు కదలిక. దాన్ని పట్టడానికి అమెరికాలో నాలుగేసి కిలోమీటర్ల గొట్టాలు వేశారు. మా నటేశన్ నగర్‌లో మునెమ్మత్త కిటికీలో నీళ్ల చెంబు పెట్టింది, అంతే. మిషను దెబ్బకొక వలయం. గోడ పగులులో పొద్దున వేలు పట్టింది, సాయంత్రానికి గరిటె పట్టింది. ఆ అదురుకు పప్పు దానంతటదే మెదిగి, ఎనిపే పని కూడా తప్పింది. ఇంతకన్నా సైన్సు ఏం కావాలి?

ఆఫీసులో అర్జీలు చూసే అనంతరామన్ సారు కూడా సైంటిస్టే. "ఒక్క ఇల్లు అదిరితే భ్రమ. రెండిళ్లు అదిరితేనే అదురు" అన్నారు. నిజమే కదా? అమెరికాలోనూ మూడువేల కిలోమీటర్ల దూరాన ఇంకో ల్యాబు అదిరాకే నమ్మారు.

మునెమ్మత్త ఒప్పుకోలేదు.

"యాడో ఆకాశంలో గుద్దుకుంటే కనిపెట్టినోళ్లు, నా వంటింటి గోడ కనిపెట్టేదానికి ఏంది నొప్పి, గుణా? నాకు ఒక పక్క ఆ మిషను, ఇంకో పక్క ఖాళీ జాగా. రెండో ఇల్లు యాడ తెచ్చేది?"

నేను చెంబులో వలయాలు లెక్కపెట్టాను.

నిన్న పొద్దున గోడ పడింది. అత్త వాకిట్లో ముగ్గు పెడుతోంది కాబట్టి మిగిలింది. అనంతరామన్ సారు వచ్చి చూసి, "గోడే లేదు, ఇంక అదిరేదేముంది" అని ఫైలు మూసేశారు.

ఎదురింట్లో ఉండేది నేనే. నెల రోజులుగా మా కాఫీ టంబ్లర్లూ చిందులేస్తున్నాయి. ఆ బిల్డింగు కట్టేది మా ఇంటి ఓనరు. ఇల్లంతా అదిరినా కదలనిది ఒక్కటే, సంతకం పెట్టాల్సిన నా చెయ్యి.

కోట్ల ఏళ్ల తర్వాత ఏ లోకంలోనో ఎవరి యంత్రమైనా రవ్వంత కదిలితే, కృష్ణబిలాలని రాసుకోకండి. అది నటేశన్ నగర్ మునెమ్మత్త వంటింటి గోడ. ఆమెను గుర్తుపెట్టుకోండి. రెండో ఇల్లు మాత్రం అడగకండి.