శుభ్రమైన మురికినీరు

లోకంలో మురికినీరు రెండు రకాలు. ఒకటి కాలవలో పారేది, రెండోది పరిశోధనకు పనికివచ్చేది. ఆ రెండోదాన్ని నేనే తయారు చేస్తాను. తిరువళ్లూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఫ్యాక్టరీ బాయిలర్ బూడిదను ఆమ్లంతో కడిగి, కాల్చి వాడితే అద్దకపు నీళ్లలోని రంగును పీల్చేస్తుందని పదకొండు వ్యాసాల్లో నిరూపించాను. (పదకొండూ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందులో రెండు పూర్తిగా చదవలేదు.)

ఆ పేరు విని తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై నుంచి మీనాంబక్క వచ్చింది. నూలుకు రంగులద్దే షెడ్డు ఆమెది. ఎర్రనీళ్లు పదిహేను రోజుల్లో ఆపకపోతే షెడ్డు మూయిస్తామని నోటీసు వచ్చిందట. అయిదు లీటర్ల క్యాన్ నిండా ఆ నీళ్లు బస్సులో మోసుకొచ్చింది.

ల్యాబ్ చూసుకునే వెంకటపతి క్యాన్‌ను గుమ్మంలోనే ఆపాడు.

"బయట మురికి లోపలికి రాకూడదు సార్. మిషన్ చెడిపోతాది. రూలు."

(ఆ రూలు రాసింది నేనే.)

"అయితే మీరు యాడి నీళ్లు శుద్ధి చేసినారు సార్?" అని అడిగింది మీనాంబక్క.

"డిస్టిల్డ్ వాటర్‌లో నేనే రంగు కలిపి, నేనే తీసినానక్కా."

ఆమె క్యాన్ గుమ్మం పక్కన దించింది.

"ఊళ్లో ఉండే రంగు చాల్లేదా సార్?"

సిగ్గేసింది. ఆ ఆదివారం ల్యాబ్ బూడిద ఒక మూట స్కూటర్ మీద వేసుకుని కండిగై వెళ్లాను. డ్రమ్ములో ఇసుక, దాని మీద బూడిద పరిచి ఎర్రనీళ్లు పోశాం. కింద గులాబీ రంగులో దిగాయి. నా వ్యాసాల లెక్కలో అది అపజయం. మీనాంబక్క మాత్రం దోసిట పట్టి చూసుకుంది.

"సగం పోయింది గదా సార్. ఇంకో మూట ఉంటే మిగిలింది గూడా పోతాది."

పన్నెండేళ్ల పరిశోధనలో నా చేతులు తడిసింది ఆ రోజే.

తనిఖీకి వచ్చిన అధికారి శివరామయ్య నీళ్లనూ నోటీసునూ మార్చి మార్చి చూశాడు. "నోటీసులో ఎరుపని ఉండాది. ఇది రోజా రంగు. దీనికి వేరే నోటీసు ఇయ్యాల" అని మరో పదిహేను రోజులు గడువిచ్చాడు.

ల్యాబ్‌లో ఉన్న బూడిద ఆ ఒక్క మూటే; రెండో మూట తయారీకి అనుమతి కోసం కాలేజీ పరిశోధన కమిటీకి అర్జీ పెట్టాను. అదే వారం, పదకొండు వ్యాసాల ఘనతకు, నన్ను ఆ కమిటీలో సభ్యుణ్ణి చేశారు. నా ముందుకొచ్చిన మొదటి ఫైలు నాదే. మనవాడే కదా అని వదిలేస్తే కమిటీ పరువేం కాను? 'వాడిన మురికినీరు శుభ్రమైనదని ఆధారం లేదు' అని రాసి తిప్పి పంపాను.

పదిహేనో రోజు షెడ్డుకు తాళం పడింది. సాయంత్రం మీనాంబక్క ఫోన్ చేసింది.

"మూట ఎవురు ఆపినారు సార్?"

"కమిటీలో పేర్లు బయట చెప్పకూడదక్కా" అన్నాను.