తొమ్మిది శాతంతో డ్రైవింగు పరీక్షకు

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పే మనిషికి దేవుడు అక్కడికక్కడే ఒక దగ్గు తెర తెప్పించి ఆపేయవచ్చు కదా, ఎందుకు ఆపడు? పూర్తిగా చెప్పనిచ్చి, నలుగురి చేతా విననిచ్చి, ఆరు నెలల తర్వాత తీరిగ్గా బుద్ధి చెప్పడం దేనికి? పెద్దవాళ్లను అడిగితే ఆయన లీల అన్నారు. ఆ లీల ఒకసారి ఎలా నడిచిందో చెబుతాను. ఇందులో నవ్వులపాలైన మనిషి రోజూ నేను గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తుంటాడు. పరువు కోసం ఇక్కడ అతన్ని ఇంటాయన అందాం.

ఇంటాయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఇతరుల తప్పులు వెతకడానికే జీతం ఇస్తారు కాబట్టి, సొంత తప్పులు ఊరికే వెతికే అలవాటు అతనికి అంటలేదు. కరెంటు కారు కొన్నప్పుడు దానితోపాటు మూడు వందల పేజీల పుస్తకం ఇచ్చారు. దాన్ని మొదటి నుంచి చివరి దాకా వదలకుండా చదివాడు. నలభై ఒక్క అచ్చుతప్పులు పట్టుకుని, ఎర్ర సిరాతో దిద్ది, కంపెనీకి ఉత్తరం కూడా రాశాడు. ఇంతకీ అందులో ఏముందండీ అని ఎవరైనా అడిగితే మాత్రం, "ఏముంటుంది? ఫోను చార్జింగుకి పెట్టుకోమా? ఇదీ అంతే" అనేవాడు. ఈ మాట ఆఫీసులో చెప్పాడు, మెట్ల మీద చెప్పాడు, పెట్రోలు బంకులో గాలి కొట్టించుకుంటూ కూడా చెప్పాడు. ఒక్కసారీ దగ్గు రాలేదు.

ఆ ఉదయం పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇల్లాలికి డ్రైవింగు పరీక్ష. ఆమె నర్సు. ఇంటింటికీ వెళ్లి రోగులకు కట్లు మార్చే కొత్త ఉద్యోగం ఖాయమైంది. లైసెన్సు చూపిస్తేనే సోమవారం చేర్చుకుంటారు. పరీక్షకు సొంత బండే తీసుకెళ్లాలి. మొదటిసారి ఆ తేదీని ఇంటాయన తప్పు చదివాడు. రెండోసారి కారు సర్వీసింగులో ఉంది. మూడో తేదీ కోసం నాలుగు నెలలు కాచుకున్నారు. ఇది కూడా తప్పితే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఏడున్నరకి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, తాళాలు ఊపుకుంటూ కిందికి దిగిన ఇంటాయన, కారు తెర చూసి మళ్లీ మూడు అంతస్తులూ ఎక్కి వచ్చాడు.

"రాత్రి పెట్టినప్పుడు తొమ్మిది శాతం. ఇప్పుడూ తొమ్మిదే!"

వంటింటి కిటికీలోంచి కిందికి వేలాడదీసిన పొడవాటి తీగ అలాగే ఉంది. ప్లగ్గు అలాగే ఉంది. స్విచ్చు వేసే ఉంది. ఇంటాయన మెల్లగా తల తిప్పి అత్తగారి వైపు చూశాడు. ఆవిడకు పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ కట్టేసే అలవాటు నలభై ఏళ్లుగా ఉంది. ఎప్పుడో ఇస్త్రీపెట్టె ఒకటి బల్లను కాల్చిందట.

"అత్తయ్యా, ఆ స్విచ్చు ముట్టుకోవద్దని కాగితం అంటించానుగా!"

"అంటించావు నాయనా. అందుకే ముట్టుకోలేదు. తలుపు వెనకాల పెట్టెలో వంటింటికంతా కలిపి ఒకటుంది చూడు, అది దించాను. దాని మీద కాగితం లేదు మరి."

ఇంటాయన కాగితం దగ్గరికి వెళ్లి ఇంకోసారి చదివాడు. అక్షరం తప్పు లేదు. అదే అతని బాధ. కాగితం పక్కనే, అదే బోర్డుకు పెట్టిన అతని ఫోను కూడా నాలుగు శాతంతో నీరసంగా పడి ఉంది.

"ఎంత దూరం పోతుందండీ ఇది?" అని అడిగింది ఇల్లాలు.

"ఇరవై అయిదు కిలోమీటర్లని చూపిస్తోంది. పరీక్ష చోటు పదహారే. బోలెడు. నువ్వేం కంగారు పడకు."

ఆ మాట విన్నాక ఇల్లాలు లోపలికి వెళ్లి, ఎత్తు మడమల చెప్పులు విప్పేసి, నడవడానికి వీలైనవి వేసుకుని వచ్చింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఇంటాయన కంగారులో తీగను ఒక్క గుంజు గుంజాడు. అది రెండో అంతస్తు కిటికీ బయట ఆరేసిన ప్యాంటును వెంటబెట్టుకుని కొంత దూరం పైకి వచ్చింది. ఆ తర్వాత మనసు మార్చుకుని ప్యాంటు ఒక్కటే కింద బురదలో పడింది. రెండో అంతస్తులో ఉండేది లారీ తాతయ్య. ముప్ఫై అయిదేళ్లు లారీ నడిపి మానేసిన మనిషి. ఇప్పుడు ఆయన నడిపేది నోరు మాత్రమే.

"ఎవడ్రా అది, పొద్దున్నే నా ప్యాంటు లాగేది!" అని కిటికీలోంచి తల బయట పెట్టాడు. సంగతి తెలిశాక ఆ తలకు సంతోషం వచ్చింది. "ఓహో, వైరు బండా! ఫోనులాగే అన్నావుగా అబ్బాయ్. మరి ఫోను జేబులో పడుతుంది. దీన్ని ఏ జేబులో పెట్టుకుంటావ్?"

"తాతయ్యా, ఉతికించి ఇస్తాను, క్షమించండి."

"ఉతుకుడు తర్వాత. ఆ ప్యాంటేసుకుని బస్సులో పళ్ల డాక్టరు దగ్గరికి పోదామనుకున్నా. బస్సు పోయింది. డాక్టరు మీ దారిలోనే ఉన్నాడు. నన్ను దించు."

తప్పు తనది కాబట్టి ఇంటాయన తల ఊపాడు. తాతయ్య పంచె కట్టుకుని దిగాడు. మనిషి నూట పది కిలోలుంటాడు. "నా వల్లే ఇదంతా జరిగింది, నేనొస్తే నా కూతురికి ధైర్యంగా ఉంటుంది" అంటూ అత్తగారు కూడా సంచీతో ఎక్కారు. ఆ తీగను చుట్టి వెనక పడేశారు. నలుగురూ సర్దుకుని, బండి గేటు దాటేసరికి, తెర మీది ఇరవై అయిదు ఇరవై ఒకటయింది.

"అదేంటండీ, ఇంకా వీధి కూడా దాటలేదు!"

"బరువు లెక్క వేసుకుంటోంది."

"ఎవరి బరువు?" అన్నాడు వెనక నుంచి తాతయ్య.

ఇంటాయన పొదుపు మొదలుపెట్టాడు. ముందు ఏసీ కట్టేశాడు. గాలి అడ్డుపడితే బ్యాటరీ తింటుందని అద్దాలు ఎత్తేశాడు. నాలుగో మలుపుకల్లా అందరి మొహాలూ ఇడ్లీపాత్ర మూత తీసినట్టు తయారయ్యాయి. హారన్ కూడా కొట్టలేదు. బదులుగా ప్రతి మలుపు దగ్గరా అద్దం ఒక వేలెడు దించి, "జరగండి బాబూ, జరగండి" అని కేకేశాడు.

"దేవుడా, రెండు శాతం అడిగితే నీకు చిన్నతనం కాదు కదా" అని కూడా లోపల అనుకున్నాడు. కాని ఇలాంటివి అడగవచ్చో లేదో అతనికి తెలియదు. మోక్షం అడగాల్సిన చోట శాతాలు అడగడం మర్యాద కాదేమో.

పళ్ల డాక్టరు గది మూసి ఉంది. పదకొండుకు తెరుస్తారని బోర్డు. తాతయ్య దిగలేదు. "అంతదాకా ఈ మెట్ల మీద ఏం కూచుంటాను, పరీక్ష చూసొద్దాం పదండి" అన్నాడు. ఆయన పన్ను నొప్పి కంటే కుతూహలం పెద్దది.

దారికి కాస్త అవతల ఒక చార్జింగు కేంద్రం ఉందని ఇంటాయనకు గుర్తొచ్చింది. మూడు కిలోమీటర్లు పక్కకు వెళ్లారు. రెండు చార్జింగు స్తంభాలున్నాయి. ఒకదాని ముందు పెట్రోలు కారొకటి నిలిపి ఉంది. దానివాడు ఎదురుగా మంగలి కుర్చీలో, మొహమంతా నురగతో, కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండో స్తంభం ఖాళీయే. ఇంటాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డబ్బు వేసే చోటు లేదు, తీసుకునే మనిషి లేడు. ఫోనులో పేరు నమోదు చేసుకుంటే ఒక సంఖ్య పంపిస్తామని రాసి ఉంది. పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు, పుట్టిన తేదీ కొట్టాడు. ఫోను టింగుమని మోగింది. సంఖ్య వచ్చింది. మొదటి రెండంకెలు కనిపించాయి, ఆ వెంటనే తెర నల్లబడింది.

"నీ ఫోను తీయ్!"

"పరీక్షకు ఫోను తేవద్దన్నారని ఇంట్లో పెట్టి వచ్చాను."

"తాతయ్యా, మీది?"

"ఉందిగా" అని తాతయ్య బొడ్లోంచి మీటల ఫోను తీశాడు. "పదకొండేళ్లయింది. వారానికోసారి చార్జింగు పెడతా. నీ బండికి కూడా ఇలాంటిదే కొనాల్సింది అబ్బాయ్."

టైము తొమ్మిదింపావు. తెర మీద ఎనిమిది కిలోమీటర్లు. పరీక్ష చోటుకు ఎనిమిది కిలోమీటర్లు. ఇల్లాలు ఒళ్లో చేతులు పెట్టుకుని రోడ్డు చూస్తోంది. ఆమె తిట్టి ఉంటే ఇంటాయన ప్రాణం కుదుటపడేది.

అప్పుడే అతనికి ఆ పుస్తకంలోని విషయం ఒక్కటి తన్నుకుంటూ జ్ఞాపకం వచ్చింది. దిగుడు రోడ్డు మీద బండి తనంతట తానే కొంచెం కరెంటు తయారు చేసుకుంటుంది. అంతే, దారి చూడటం మానేసి పల్లం చూడటం మొదలుపెట్టాడు. ఎడమకు తిరగాల్సిన చోట కుడివైపు పల్లంగా ఉంటే కుడికి తిప్పాడు. ఎనిమిది తొమ్మిదైంది!

"పెరిగింది! పెరిగింది!" అని నలుగురూ ఒక్కసారిగా అరిచారు. అత్తగారు చప్పట్లు కొట్టారు. ఇంటాయన ఉత్సాహంగా ఇంకో పల్లంలోకి దించాడు.

"అల్లుడూ, ఇందాక ఈ వాటర్‌ట్యాంకు మనకు ఎడమవైపు ఉంది కదూ?" అన్నారు అత్తగారు.

"దిగినదంతా మళ్లీ ఎక్కాలి అబ్బాయ్" అన్నాడు తాతయ్య నిదానంగా. "లారీకైనా అంతే, దీనికైనా అంతే."

ఎక్కారు. ఎక్కుతుంటే అంకెలు బకెట్టుకు చిల్లు పడినట్టు కారిపోయాయి. బండి మొదట పరుగు మానింది, తర్వాత నడక మొదలుపెట్టింది. పరీక్ష మైదానం గేటు కనిపిస్తుండగా, దానికి డెబ్భై అడుగుల ఇవతల, చదును రోడ్డు మీద ఒక పక్కగా నిట్టూర్చి ఆగిపోయింది. పది కావడానికి అయిదు నిమిషాలుంది.

చిన్న బ్యాటరీ ఇంకా బతికే ఉండటం వల్ల తెర వెలుగుతోంది, స్టీరింగు తిరుగుతోంది, బ్రేకు పట్టుకుంటోంది. కదలడం ఒక్కటే లేదు. నెట్టడానికి వీలుగా బండిని న్యూట్రల్లో పెట్టే పద్ధతి ఏ పేజీలో ఉందో ఇంటాయనకు బాగా గుర్తుంది. ఆ పేజీలో రెండు అచ్చుతప్పులున్నాయి. పద్ధతి ఏమిటో మాత్రం గుర్తు లేదు. ఇల్లాలే చెయ్యి చాపి మీట నొక్కింది.

"సరే, నువ్వు దిగి నెట్టు. నేను స్టీరింగు పట్టుకుంటా" అన్నాడు ఇంటాయన. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి అలవాటైన మాట.

ఇల్లాలు అతని వైపు తిరిగింది. "మన పాత పెట్రోలు కారు గుర్తుందా? పొద్దున్నే స్టార్టు కాకపోతే నెట్టింది ఎవరు?"

"నువ్వే."

"పన్నెండేళ్లు నెట్టాను. నర్సు చీరలో నెట్టాను, వానలో నెట్టాను. ప్రతిసారీ మీరు లోపల కూచుని ఏమనేవారు?"

"ఈసారికి నువ్వు నెట్టు, వచ్చేసారి నేను నెడతానని."

"ఆ వచ్చేసారి వచ్చింది. దిగండి."

అతను దిగాడు. ఇల్లాలు స్టీరింగు ముందుకు జరిగి, అద్దం సర్దుకుని, బెల్టు పెట్టుకుంది. బరువు తగ్గాలని అత్తగారు దిగి సంచీతో ముందు నడిచారు. తాతయ్యకు నడుము ఆపరేషనైంది కాబట్టి దిగి పక్కన నిలబడి లారీ క్లీనరుకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "కాళ్ల బలంతో నెట్టు అబ్బాయ్, చేతులతో కాదు! తల వంచు! ఊపిరి ఆపకు!" ఇంటాయన నడుము రెండుగా మడిచి, మొహం డిక్కీకి ఆనించి నెట్టాడు. నా వెన్ను, అంటే ఇంటాయన వెన్ను, ఆ రోజు మొదటిసారి పన్నెండేళ్లంటే ఎంతో తెలుసుకుంది.

పదింటికి సరిగ్గా కారు గేటు దాటింది. గేటు నుంచి కొంచెం పల్లం. బండి దానంతట అదే జారుతుంటే ఇల్లాలు తొణక్కుండా తిప్పి, సున్నంతో గీసిన రెండు గీతల మధ్య ఒక్క అంగుళం తేడా లేకుండా నిలిపింది. అట్ట మీద కాగితాలు పెట్టుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది.

"భలే తెచ్చారమ్మా! చప్పుడు లేదు, కుదుపు లేదు. ఈ కరెంటు బళ్లను ఇంత మెత్తగా నడిపేవాళ్లను నేను చూడలేదు" అని ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సరిగ్గా అప్పుడే డిక్కీ వెనక నుంచి ఎర్రబడిన తలకాయ ఒకటి మెల్లగా పైకి లేచింది.

"ఆయనెవరు?"

"మా ఇంటాయనండి."

"వెనకాల ఏం చేస్తున్నారు?"

ఇల్లాలు ఒక్క క్షణం ఆలోచించింది. "నడుపుతున్నారండి. నేను తిప్పుతున్నాను."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోవడానికి కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నిబంధన ప్రకారం బండి సొంత బలంతో కదలాలమ్మా. మీవారి బలం లెక్కలోకి రాదు." ఇల్లాలి మొహం చూసి కాస్త ఆగాడు. "కాని ఆ నిలపడం మాత్రం నేను కళ్లారా చూశాను. మిమ్మల్ని వరసలో చివర వేస్తాను. మైదానం చుట్టూ ఒక్క చుట్టుకు సరిపడా ఎక్కించుకోండి."

వాచ్‌మన్ గదిలో ఒకే ప్లగ్గు ఉంది. దానికి ఆఫీసు టీ కెటిల్ పెట్టి ఉంది. ఇల్లాలి కోసం ఆ రోజు ఆఫీసు మొత్తం టీ మానేసింది. పరీక్షకు వచ్చిన కుర్రాళ్లు చుట్టూ చేరి ఒక శాతానికి ఈల వేశారు, రెండో శాతానికి చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకడు, "అంకుల్, కరెంటు బండి కొంటే కష్టమా?" అని అడిగాడు. ఇంటాయన నోరు తెరిచాడు. చిత్రంగా, దగ్గొచ్చింది.

పదకొండున్నరకు ఇల్లాలు ఒక చుట్టు తిరిగింది, వెనక్కి నడిపింది, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించింది. ఇన్‌స్పెక్టరు ముద్ర గుద్దిన కాగితం చేతికిచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, కళ్లకద్దుకుంది.

బండికి ఇంకో గంట కరెంటు తాగించాక అందరూ కదిలారు. ఇంటాయన నడుము పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, "ఇంకా ఎన్నిసార్లు బాకీ?" అని మెల్లగా అడిగాడు.

ఇల్లాలు అతని చొక్కాకు అంటిన దుమ్ము దులిపింది. "ఏమీ లేదు. మొత్తం తీరిపోయింది. ఎక్కండి."

ఇంటాయన అలవాటు కొద్దీ స్టీరింగు వైపు తలుపు తీశాడు. అక్కడ ఇల్లాలు కూచుంది. చుట్టూ తిరిగి వచ్చి ముందు సీటు తలుపు తీశాడు. అక్కడ తాతయ్య ఉన్నాడు.

వెనక సీట్లో అత్తగారి సంచీ పక్కన చోటుంది.