ఎనిమిది గంటల అర్థశాస్త్రం

వంతెన తప్పు వంతెనది కాదనీ, కట్టిన ఇంజినీర్లదీ కాదనీ, వాళ్ళకి అర్థశాస్త్రం నేర్పని చదువుదనీ మంత్రి రాదివోయె పాంతెలిచ్ గారు ప్రకటించారు. గోర్న్యా లిపా ఊరి బయట వాగు మీదున్న ఆ వంతెనకి ఇటు రోడ్డు లేదు, అటు రోడ్డు లేదు. మిగతా అంతా ఉంది. దీపాలు కూడా ఉన్నాయి. దాన్ని అక్కడే కట్టాలని పట్టుబట్టింది అప్పట్లో రోడ్ల మంత్రిగా ఉన్న పాంతెలిచ్ గారే కాబట్టి, తప్పెక్కడుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడాయన విద్యామంత్రి. ఇకమీదట దేశంలో ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ ఎనిమిది గంటల్లో అర్థశాస్త్రం వచ్చి తీరుతుందని సెలవిచ్చారు. తొమ్మిదో గంట ఎందుకక్కర్లేదో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ కోర్సు మొదటి మోడల్ పాఠం వచ్చి స్పొమెంకా మీద పడింది. గోర్న్యా లిపా టెక్నికల్ కాలేజీలో ఆవిడ పదకొండేళ్ళుగా అర్థశాస్త్రం చెబుతోంది. ఏడాదికోసారి కాంట్రాక్టు మీద సంతకం, ఏడాదికోసారి గుండెదడ. డీన్ ల్యూబిశ గారు ఆవిడని గదికి పిలిచి కాఫీ తెప్పించారు. పదకొండేళ్ళలో ఆ గదిలో ఆవిడ తాగిన మొదటి కాఫీ అదే.

"అమ్మా స్పొమెంకా, మంత్రిగారు మొదటి వరసలో కూచుంటారు. టీవీ వాళ్ళొస్తారు. హాలు నిండిందా, నీ పర్మనెంట్ ఫైలు మీద అక్కడికక్కడే సంతకం. ఫైలు నేనే చంకలో పెట్టుకొస్తా."

"హాల్లో రెండొందల కుర్చీలున్నాయి సార్. నా క్లాసుకొచ్చేది ఆరుగురు."

"రిజిస్టర్లో రెండొందల పదిమంది ఉన్నారే?"

"వాళ్ళంతా ఆస్ట్రియా ఫ్యాక్టరీల్లో ఉన్నారు సార్. పరీక్షలకొస్తారు."

డీన్ గారు ఫోను అందుకుని, "గోయ్కోకి కబురు పెడతాను," అన్నారు.

గోయ్కోని ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. పార్టీ సభలకి బస్సుల్లో జనాన్ని తోలేది అతనే. పద్ధతి గల మనిషి. బస్సెక్కేటప్పుడు పేరు పక్కన ఒక టిక్కు, చేతిలో చల్లటి మాంసం ముక్క పెట్టిన ఒక సలామీ రొట్టె, ఒక జ్యూసు డబ్బా. ఎక్కడ చూసినా అవే మొహాలని గిట్టనివాళ్ళు అంటారు గానీ, అంత క్రమశిక్షణతో సభలకి హాజరయ్యే ప్రజలున్న దేశం ఇంకోటి చూపించమనండి.

"ఇంజినీరింగ్ విద్యార్థులా మేడమ్?" అన్నాడు గోయ్కో కాయితం తీస్తూ. "ఏ వయసువాళ్ళు కావాలి?"

"ఇరవై ఏళ్ళవాళ్ళు."

"ఇరవైల్లో సరుకు లేదు. అరవై దాటినవాళ్ళయితే ఎంతమందంటే అంతమంది."

అంతటి గోయ్కో కూడా ఒక పొరపాటు చేశాడు. కొత్త రోడ్ల మంత్రి అదే రోజు, అదే గంటకి, ఆ వంతెన మీద మూడోసారి రిబ్బను కత్తిరించబోతున్నాడని కనుక్కోలేదు. ఆ సభకి జనాన్ని తోలేది గోయ్కో బావమరిది. ఊళ్ళో చూస్తే జనం ఒక సభకి సరిపడానే ఉన్నారు.

ఆ రోజు హాలు కిటకిటలాడిపోయింది. మొదటి వరసలో మంత్రిగారు, పక్కన ఫైలు చంకలో పెట్టుకుని డీన్. అసలు విద్యార్థులు ఆరుగురూ కుర్చీలు దొరక్క గోడవార నిలబడ్డారు. స్పొమెంకా ఆ ఫైలు వంక ఒకసారి చూసుకుని పాఠం మొదలెట్టింది.

"ఒక వస్తువు కావలసినవాళ్ళు ఎక్కువై, వస్తువు తక్కువైతే ఏమవుతుంది?"

వెనక వరసలోంచి స్తనోయ్కా మామ్మ చెయ్యెత్తింది. తలకి గళ్ళ రుమాలు, ఒళ్ళో చేతిసంచి. "ధర పెరుగుతుంది తల్లీ. ఇప్పుడే ఫోనొచ్చింది. వంతెన దగ్గర ప్లెస్కావిత్సా పెడుతున్నారట. వేడివేడిగా కాల్చిన మాంసం పెట్టిన రొట్టె. ఇక్కడేమో సలామీ." అని లేచింది. ఆవిడతోపాటు మూడు వరసలు లేచాయి.

"ఏమిటా చప్పుడు?" అన్నారు మంత్రిగారు. కెమెరా తన మీదుంది కాబట్టి తల తిప్పలేదు.

"మీరంటే గౌరవం సార్. లేచి నిలబడుతున్నారు," అన్నారు డీన్.

స్పొమెంకా సుద్దముక్క పట్టుకునే అటు చూసింది. పదకొండేళ్ళ ఎదురుచూపు చేతిసంచి పట్టుకుని గుమ్మం దాటి పోతోంది. గుమ్మంలో గోయ్కో చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"అత్తా, కూచో. ఇక్కడా ప్లెస్కావిత్సాయే. పైన పెరుగు."

మూడు వరసలూ వెనక్కొచ్చాయి. పాఠం సాగింది. ఈలోగా మళ్ళీ ఫోను మోగింది.

"ఒరే గోయ్కో, మీ బావమరిది కేకు కూడా పెడుతున్నాడట్రా," అంది మామ్మ. ఈసారి అయిదు వరసలు లేచాయి.

"రెండేసి ప్లెస్కావిత్సాలు," అన్నాడు గోయ్కో. అతని మొహాన చెమట పట్టింది. లేచినవాళ్ళలో సగంమంది కూచున్నారు. లిస్టులో లేనివాళ్ళు కొందరు వంతెన దగ్గర్నుంచి ఆయాసపడుతూ వచ్చి వాళ్ళ పక్కన సర్దుకున్నారు.

గోడవార నిలబడ్డ యేలిత్సా అనే అమ్మాయి అప్పటిదాకా నోట్సులో ఏదో గీస్తోంది. ఇక ఉండబట్టలేక బోర్డు దగ్గరికొచ్చి సుద్దముక్క తీసుకుంది. ఎన్ని రొట్టెలకి ఎంతమంది కూచున్నారో ఒక గీత, ఎంతమందికి గోయ్కో ఎన్ని రొట్టెలు ఒప్పుకున్నాడో ఇంకో గీత.

"మేడమ్, రెండు గీతలూ నూట పన్నెండు మంది దగ్గర కలిశాయి. ఇక అటూ కదలట్లేదు, ఇటూ కదలట్లేదు. ఇది మా స్టాటిక్స్‌లో బరువులు సరితూగినట్టే ఉందే?"

"దాన్నే మేం సమతౌల్యం అంటాం," అంది స్పొమెంకా. ఒక విద్యార్థికి తన పాఠం ఇంత బాగా ఎక్కడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క నిమిషం ఫైలు సంగతి మరిచిపోయి నిజంగా సంతోషపడింది.

పాఠం అయ్యాక మంత్రిగారు లేచి వెనక్కి తిరిగారు. "ఇవాళ ఏం నేర్చుకున్నారో మీలో ఒకరు చెప్పండి."

స్తనోయ్కా మామ్మ లేచింది. "పిండి కొద్దీ రొట్టె అనేవాళ్ళు బాబూ మా కాలంలో. అది తప్పు. జనం కొద్దీ రొట్టె. జనం తక్కువైతే ప్లెస్కావిత్సా రెండేసి. ఎక్కువైతే సలామీ."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఏ సంవత్సరం అమ్మా?"

"డెబ్బై మూడోది."

"సాయంకాలం కోర్సు సార్," అన్నారు డీన్, గబగబా ఫైలు తెరుస్తూ.

మంత్రిగారు పెన్ను తీశారు. కాయితానికి బెత్తెడు దూరంలో పెన్ను ఆగింది. "ఒక్క చిన్న సందేహం మేడమ్. దేశంలో మీలాగా అర్థశాస్త్రం చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"వేలల్లో ఉన్నారు సార్," అంది స్పొమెంకా కొంచెం గర్వంగానే.

"మరి ఇక్కడ పోస్టులు?"

"ఒకటే సార్."

మంత్రిగారి మొహం మెల్లగా వెలిగింది. రాజకీయాల్లో ముప్ఫై ఏళ్ళకి ఆయనకి స్వయంగా బోధపడిన మొదటి సూత్రం అది. "ఎక్కువైతే సలామీ అంది కదా మీ విద్యార్థిని? అద్భుతంగా నేర్పారు మేడమ్." పెన్ను జేబులోకి వెళ్ళింది. హాల్లో చప్పట్లు మోగాయి. రెండేసి ప్లెస్కావిత్సాలకి తగ్గట్టే మోగాయి.

కాంట్రాక్టు మాత్రం రద్దు చెయ్యలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కోర్సు ఎనిమిది గంటలు కాబట్టి, ఏడాది కాంట్రాక్టుని ఎనిమిది గంటలకి సవరించారు. మంగళవారం పొద్దున మొదలై సాయంత్రానికి పూర్తయింది.

నెల తిరిగేసరికి రాజధానిలో ఎనిమిది గంటల అర్థశాస్త్రం విజయోత్సవం పెట్టారు. రెండు వేల కుర్చీల హాలు. పొద్దున్నే కాలేజీ ముందు బస్సు ఆగింది. గోయ్కో లిస్టులో స్తనోయ్కా మామ్మ పేరు పక్కన అర్థశాస్త్ర నిపుణురాలు అని ఉంది. స్పొమెంకా పేరు పక్కన ఇంజినీరింగ్ విద్యార్థిని అని ఉంది. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి రొట్టె కోసం చెయ్యి చాచింది.

వెనకనుంచి ఎవరో కోటు పట్టుకుని లాగారు.

"అప్పుడే ఎక్కకు టీచరమ్మా," అంది మామ్మ నెమ్మదిగా. "ఇప్పుడెక్కితే సలామీయే. గోయ్కో బావమరిది బస్సు ఇంకా రాలేదు."

స్పొమెంకా కాలు వెనక్కి తీసుకుని, మామ్మ పక్కన అరుగు మీద చోటు చేసుకుని కూచుంది.