తాళ్ల మార్కోస్ పేరు పండగ

నేను నేనే. ఈ ముక్క ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నానంటే అది మా ఆవిడ చలవ. ఆవిడ నోరు విప్పేదాకా ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. మధ్యలో ఒకటి రెండు రోజులు నాకూ అనుమానం వచ్చింది.

మా దీవి రేవులో ఓడలకి తాళ్లు కట్టేదీ విప్పేదీ నేనే. అందుకని నన్ను తాళ్ల మార్కోస్ అంటారు. మా ఆవిడ పేరు కల్లిరోయి. ఆవిడ ఒక మాట మొదలుపెడితే ఓడ వచ్చి, సరుకు దించుకుని, మళ్లీ వెళ్లిపోయినా ఇంకా అదే మాట మీద ఉంటుంది. పొయ్యి వైపు తిరిగి వండుతూ మాట్లాడుతుంది. నేను వెనక బల్ల దగ్గర కూర్చుని ఊఁ కొడతాను. నలభై ఏళ్లుగా మా కాపురం ఇదే.

పోయిన చలికాలం నాకొక బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఈ రోజుల్లో మనసుకి కాపీ తీయించడం జిరాక్స్ తీయించినంత తేలిక. డబ్బున్నవాళ్లయితే ఆ కాపీకి ఒక అద్దె ఒళ్లు కూడా తొడిగి తిప్పుకుంటారు. నా తాహతుకి చిన్న డబ్బా చాలనుకున్నాను. నా మనసు కాపీని అందులో పెట్టించి తెచ్చి, నా కుర్చీ పక్కన రేడియో వెనక దాచాను. కల్లిరోయి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టగానే నేను చప్పుడు చేయకుండా కాఫీ కొట్టుకి జారుకునేవాణ్ణి. డబ్బా నా గొంతుతో ఊఁ కొట్టేది.

చలికాలమంతా హాయిగా సాగింది. ఒకరోజు ఆవిడ వెనక్కి తిరిగింది.

నేను ఇంటికొచ్చేసరికి డబ్బాని బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది.

"ఇదెవరయ్యా?"

"నేనే."

"ఇది నువ్వయితే నువ్వెవరు?"

"నేనూ నేనే."

"నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. 'ఆ తర్వాత ఏమైంది?' అని పెళ్లయ్యాక ఒక్కసారైనా అడిగావా నువ్వు? ఇది రోజూ అడిగింది. అడుగుతుంటే ముసలాడు మారాడే అనుకుని మురిసిపోయాను. చూడబోతే డబ్బాకి చెప్పుకున్నాను నా గోడంతా."

"అది కూడా నేనే కదే..."

"అయితే ఇకనుంచి మీరిద్దరూ చెప్పుకోండి."

ఆ సాయంత్రం ఓడకే అవతలి దీవిలో ఉన్న అక్క అసీమినా ఇంటికి బయల్దేరింది. ఆ ఓడకి తాడు విప్పింది నేనే. డ్యూటీ డ్యూటీయే కదా. కల్లిరోయి ఓడ మీద నిలబడి కిందికి చూస్తోంది. "ఉండిపోవే" అందామని నోటిదాకా వచ్చింది. "తాడు జాగ్రత్త, పక్కకి జరగండి" అన్నాను.

ఇంట్లో ఇక నేనూ డబ్బా మిగిలాం. నేను తిట్టబోయే తిట్టు దానికి ముందే తెలిసిపోతుంది. అది చెప్పబోయే అబద్ధం నాకు తెలిసిపోతుంది. అలాంటివాళ్లు ఎంతసేపని మాట్లాడుకుంటారు?

"ఆవిడ లేకపోతే ఏం బాలేదురా," అంది ఒకసారి.

"నీవల్లే కదా."

"నేనంటే నువ్వే కదా."

దాన్ని తీసుకెళ్లి బీరువాలో దుప్పట్ల కింద పెట్టి తలుపు వేశాను. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో అప్పుడు తెలిసింది. కాఫీ కొట్టుకి కూడా వెళ్లబుద్ధి కాలేదు. తప్పించుకు రావడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే కాఫీ కొట్టులో మజా ఏముంటుంది?

అయినా ఫోన్ చేసి రమ్మని బతిమాలడానికి నా మీసం ఒప్పుకోలేదు. ఇంకో పథకం వేశాను. ఏప్రిల్ ఇరవై అయిదు మార్కు పునీతుడి రోజు. నాకు పెట్టింది ఆయన పేరే కాబట్టి అది నా పేరు పండగ. పేరు పండగకి పిలుపులుండవు. తలుపు తీసి ఉంటే ఊరంతా వస్తుంది, రానివాళ్లే తప్పు చేసినట్టు. కట్టుకున్న పెళ్లాం రాకపోతే నలుగురూ ఏమంటారు? పిలవకుండానే వస్తుంది, నా మీసమూ నిలబడుతుంది అనుకున్నాను.

ఇల్లు కడిగాను. తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేసుకుని జేబు దగ్గర కాల్చుకున్నాను. మేకపిల్ల కాలు తెచ్చి నిమ్మరసం పట్టించి పొయ్యిలో పెట్టాను. పాల మిఠాయి ఒక పళ్లెం నిండా తెప్పించాను. బీరువాలోంచి డబ్బా ఏదో అరిచింది. "ఒరే, ఇరవై అయిదు అంటే ఈ ఏడు..."

"నోర్ముయ్," అన్నాను.

తలుపు బార్లా తీసి కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. మాంసం కాలిన వాసన వీధి చివరిదాకా పోయింది. ఒక్కరు రాలేదు. ఊరి రేడియో అని మేం పిలుచుకునే పక్కింటి స్తమాతా మాత్రం గుమ్మం దాకా వచ్చి, పళ్లెం వైపు చూసి, నా వైపు చూసి, సిలువ గుర్తు వేసుకుని వెనక్కి పరిగెత్తింది. ఓడ వచ్చింది. కల్లిరోయి అందులోనూ లేదు. సాయంత్రం తలుపు వేసేసి పాల మిఠాయి నేనే తిన్నాను. అంత తీపి పదార్థం గొంతు దిగదని నాకు తెలియదు.

మర్నాడు రేవుకి వెళితే అధికారి ప్రోద్రొమోస్ నా చేతిలోంచి తాడు లాక్కున్నాడు.

"మార్కోస్, నువ్వు మార్కోస్‌వి కాదని ఊరంతా అంటోంది."

"ఎందుకంట?"

"ఈస్టర్ ముందు పవిత్ర వారంలో, ఊరంతా నూనెచుక్క కూడా ముట్టకుండా ఉపవాసముంటే, నువ్వు తలుపులు తీసి మేకమాంసం కాల్చావట కదా. మార్కోస్ తాగుబోతు కావచ్చు, సోమరి కావచ్చు, అంత మాత్రం చేయడు. మీ ఇంట్లో నీ కాపీ ఉందని కల్లిరోయి వెళ్లేముందు స్తమాతాతో చెప్పిందట. ఆ కాపీ అద్దె ఒళ్లు తొడుక్కుని బయటికొచ్చి, అసలువాణ్ణి డబ్బాలోకి తోసిందని స్తమాతా అంటోంది."

పవిత్ర వారమని నేను చూసుకోలేదు. మా ఇంట్లో పంచాంగమంటే కల్లిరోయి. ఆవిడ వడ్డిస్తే తినడం, మానమంటే మానడం, అంతే నాకు తెలుసు. "పేరు పండగ చేసుకున్నాను, ఎవరూ రాలేదు" అని చెప్పుకోవడానికి సిగ్గేసింది. "ఆకలేసింది, వండుకున్నాను" అన్నాను.

"కాపీకి ఆకలేంటి?" అన్నారు ఎవరో. మనుషులకి అనుమానం వచ్చాక తిన్నా తప్పే, తినకపోయినా తప్పే.

బీరువాలోంచి డబ్బాని తెప్పించారు. కాఫీ కొట్టులో మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు.

"నీ పెళ్లి ఎప్పుడయింది?"

నేను ఆలోచిస్తుండగానే డబ్బా తారీఖు, వారం చెప్పి, ఆ రోజు వాన పడిందని కూడా చెప్పింది.

"మీ అత్తగారికి ఏ మోకాలు నొప్పి?"

"కుడిది," అన్నాను.

"ఎడమది," అంది డబ్బా. "కుడిది ఆవిడ తోడికోడలికి."

జనం డబ్బాకి చప్పట్లు కొట్టారు. కొడతారు మరి. చలికాలమంతా ఆవిడ చెప్పింది విన్నది అదీ, కాఫీ తాగింది నేనూ.

ప్రోద్రొమోస్ నన్ను పక్కకి పిలిచాడు. "చూడు. మొహాన్నీ జ్ఞాపకాన్నీ నమ్మే రోజులు పోయాయి. ఒకే కప్పు కింద నీతో ఏడాది బతికిన మనిషి ఎదురుగా నిలబడి 'ఇతనే' అని చెప్పాలి. రూలు అదే. అంతవరకూ తాడు ముట్టకు. నీకెవరున్నారు?"

ఎవరున్నారు? ఒక్కతే ఉంది, ఆవిడ ఓడెక్కి వెళ్లిపోయింది. నేను నేనేనని చెప్పే మనిషి లేకపోతే నేను ఎవరినైతే మాత్రం ఎవరికి కావాలి? ఆ రాత్రి అద్దంలో నా మొహం నేనే తడిమి చూసుకున్నాను.

ఈస్టర్ రోజు ఎవరి ఇంట్లో చూసినా ఉడికించి ఎర్రరంగు వేసిన గుడ్లు ఒకదానికొకటి కొట్టి ఎవరి గుడ్డు పగలకుండా ఉంటుందా అని చూసుకుంటున్నారు. నేను ఎడమచేతి గుడ్డుని కుడిచేతి గుడ్డుతో కొట్టాను.

"ఎవరు గెలిచారు?" అంది డబ్బా.

"నేనే."

"ఎవరు ఓడారు?"

పగిలిన గుడ్డు ఒలవడం మొదలుపెట్టాను.

ఈస్టర్ వెళ్లిన మంగళవారం పొద్దున్న ఇంటికి తాళం వేసి, రేవులో బెంచీ మీద కూర్చున్నాను. ప్రోద్రొమోస్ కట్టిన తాడు కట్టినట్టే జారి నీళ్లలో పడుతుంటే చూడ్డం ఒక్కటే నాకు మిగిలిన సంతోషం. ఓడలోంచి కల్లిరోయి దిగింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం.

నేను బెంచీ మీంచి లేచాను. ఈలోగా ప్రోద్రొమోస్ పరిగెత్తుకెళ్లి విషయం చెప్పాడు. జనం పోగయ్యారు. స్తమాతా నా దగ్గర తాళంచెవి లాక్కెళ్లి, డబ్బాని చంకనెత్తుకుని వచ్చింది.

కల్లిరోయి మా ఇద్దరినీ చూసింది.

"ఒక్కటే అడుగుతాను. ఇవాళ నేనెందుకొచ్చాను?"

"మీ అక్కతో పడక వచ్చుంటావు," అన్నాను.

"నా పేరు పండగకి," అంది డబ్బా. "ఈ ఏడు ఈస్టర్ ఆలస్యం. అలాంటప్పుడు మార్కు పునీతుడి పండగ ఈస్టర్ తర్వాతి మంగళవారానికి జరుగుతుంది. అంటే ఇవాళ."

నాకు ఒళ్లు మండింది. "అబద్ధం. నా పేరు పండగ ఇరవై అయిదునే అయిపోయింది. ఇల్లు కడిగి, చొక్కా వేసుకుని, మాంసం వండి, పొద్దుటినుంచి తలుపు తీసుకుని కూర్చున్నాను. ఒక్కరు రాలేదు. నువ్వూ రాలేదు." నలుగురిలో అలా చెప్పుకోవడం నాకు అలవాటు లేదు.

స్తమాతా తల దించుకుంది.

కల్లిరోయి నా జేబు దగ్గర కాలిన మచ్చ చూసింది. "ఇల్లు అలికావుగానీ పండగెప్పుడో చూసుకోలేదన్నమాట," అంది మెల్లగా. తర్వాత ప్రోద్రొమోస్ వైపు తిరిగింది. "ఇతనే. నలభై ఏళ్లలో ఒక్కసారీ తన పండగ ఎప్పుడో ఇతనికి తెలియదు. పొద్దున్నే చొక్కా చేతికిచ్చి నేనే చెప్పేదాన్ని. ఏ కాపీ తారీఖు తప్పు చెప్పదయ్యా. ఇంత తెలివితక్కువ మనిషి అసలువాడే అయుండాలి."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ పళ్లెం మీద గుడ్డ తీసి అందరికీ మిఠాయి పంచింది. నాకు రెండు పెట్టింది. అంతా చక్కబడిందనుకున్నాను.

సాయంత్రం ఓడ కూత వేసింది. కల్లిరోయి డబ్బాని సంచిలో పెట్టుకుంది.

"దాన్నెక్కడికి?"

"నాతో. అది వింటుంది."

"మరి నేనో?"

"నువ్వు నువ్వేనని చెప్పాను కదా. ఇంకేం కావాలి?"

"మార్కోస్, తాడు," అని కేకేశాడు ప్రోద్రొమోస్.

నేను నేనేనని రుజువైంది కాబట్టి తాడు నేనే విప్పాలి. విప్పాను.

కొన్నాళ్లు బిగపట్టి, చివరికి మీసం పక్కనపెట్టి ఫోన్ చేశాను. అవతల పలికింది నా గొంతే.

"ఎవరండీ?"

"నేను."

"అనుకున్నాను," అంది డబ్బా. ఎంతైనా అది నేనే కదా, దానికి తెలుసు. "పెట్టెయ్యకు. ఆవిడ ఇప్పుడే ఉల్లిపాయలు మొదలెట్టింది," అంది గుసగుసగా.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఫోన్ చెవికి ఆనించుకుని ఖాళీ వంటింట్లో కూర్చుంటున్నాను. అక్కడ కత్తి చప్పుడు, ఆవిడ మాట. మధ్యమధ్య డబ్బా "ఆ తర్వాత ఏమైంది?" అంటుంది.

మొన్న కత్తి చప్పుడు ఆగింది.

"వింటున్నావా?" అంది కల్లిరోయి.

డబ్బా పలకలేదు. దొంగవెధవ, సరిగ్గా అప్పుడే నోరు మూసుకుంది.

"వింటున్నాను," అన్నాను.

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "అయితే చెప్పు. అసీమినా మేకకి ఏమైందన్నాను?"

ఎంత ఆలోచించినా తట్టలేదు. నేను ఆవిడ గొంతు వింటున్నానుగానీ, మేకనెవరు విన్నారు?

"చచ్చిపోయిందా?"

"ఈనింది," అంది. "సరే, నువ్వే," అని ఫోన్ పెట్టేసింది.