పసుపు చీటీ ఎలుకలు

ఆ రోజు పొద్దున తూకంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, లాబ్‌కు వెళ్ళాలి, ఎలుకలను తూచాలి, మధ్యాహ్నం పెందలాడే వచ్చి భార్యను కళ్ళజోడు దుకాణానికి తీసుకెళ్ళాలి. ఇందులో ఎక్కడా ప్రమాదం కనిపించదు. ప్రమాదమంతా టీ కప్పును ఆవిడ బల్ల మీద పెట్టిన చప్పుడులో ఉంది.

ఆయన అసలు పేరు లాబ్‌లో ఎవరికీ గుర్తులేదు. పొద్దస్తమానం తూస్తారు కనుక తూకంగారు. నూనె చాలాకాలం తింటే ఒంటికి ఏమవుతుందో తేల్చడానికి అక్కడ నాలుగు గుంపుల ఎలుకలకు రెండేళ్ళుగా నాలుగు రకాల మేత పెడుతున్నారు. బోనులకు ఎర్ర, నీలి, ఆకుపచ్చ, పసుపు చీటీలు అంటించారు. ఏ చీటీ మేతలో ఏముందో పెద్ద డాక్టరమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే చూసే కన్ను తనకు నచ్చిన గుంపు వైపు మొగ్గుతుందని భయం. పని పూర్తయ్యేదాకా ఏ గుంపు ఎలా ఉందో బయట పొక్కకూడదు. పొక్కితే రెండేళ్ళ శ్రమ బూడిదలో పోసినట్టే అని ఆవిడ మొదటి రోజే గట్టిగా చెప్పింది. తూకంగారు ఆ మాటను ఎంత నిష్ఠగా పాటించారంటే, ఇంట్లో ఎలుక అన్న మాటే ఎత్తడం మానేశారు.

"పొద్దున పోతారు, సాయంత్రం వస్తారు. ఏం చేశారండీ అంటే 'తూచాను' అంటారు," అంది ఆయన భార్య. "దానికి నేనేం మాట్లాడాలి?"

"తూచడమే కదా నా పని."

"ఆ ఎలుకలతో మాత్రం కబుర్లాడతారట! మీతో పనిచేసే ఆయన భార్య కూరగాయల కొట్లో చెప్పింది. ఒకదాన్ని 'మామ్మా' అని కూడా పిలుస్తారట. నన్నేమో 'ఇదిగో' అంటారు."

కబుర్లాడటం నిజం, మామ్మ నిజం, 'ఇదిగో' మరీ నిజం. ఆవిడ గొంతులో కోపం కంటే ఒంటరితనమే ఎక్కువ వినిపించి ఆయన మనసు చివుక్కుమంది. ఒక్క మాట చెబితే మాత్రం ఏమవుతుంది?

"సరే విను. ఎవరితోనూ అనకూడదు సుమా! పసుపు చీటీ వాళ్ళు మాత్రం నిగనిగలాడిపోతున్నారు. మామ్మ కూడా ఆ గుంపే. ఆ వయసులో పిల్లదానిలా గంతులేస్తోందంటే నమ్ము!"

ఆవిడ ముఖం విప్పారింది. "అబ్బో! అంటే వాటికి పెట్టే నూనె అంత మంచిదన్నమాట. ఏం నూనె?"

"అది నాకే తెలీదు. ముందు ఒట్టు వెయ్యి."

ఆవిడ ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టు వేసింది. ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా ఆ ఒట్టుకు కట్టుబడే ఉంది. ఆవిడను తప్పుపట్టడానికి లేదు. పక్క వీధిలో ఆవిడ తమ్ముడికి నూనెల కొట్టు ఉంది. రోజూ ఠంచనుగా వచ్చేవి ఈగలే. తమ్ముడంటే పరాయివాడా? అతనికి చెబితే ఎవరికీ చెప్పనట్టే లెక్క అనుకుంది.

"అక్కా, నా దగ్గర పసుపు మూత నూనె అమ్ముడుపోక గుట్టలు పడుంది. కొంపదీసి అదేనంటావా?" అన్నాడు తమ్ముడు.

"మరి ఇంకే నూనెకు పసుపు మూత ఉంది?"

రెండేళ్ళ పరిశోధన అలా రెండు ముక్కల్లో తేలిపోయింది. అక్కాతమ్ముళ్ళు ఆ సంబరంలో ఉండగా కళ్ళజోడు సంగతి ఇటు ఆవిడా మరిచిపోయింది, అటు ఆయనా మరిచిపోయారు.

బావమరిది మరునాడే నోటికి పని చెప్పాడు. "లాబ్‌లో రుజువైందండీ. మా బావగారే స్వయంగా తూచారు," అని ఒక్కొక్కరి చెవిలోనూ వేశాడు. తూకంగారింటి మేడ మీద అద్దెకుండే టీచరమ్మ మొదటి సీసా కొంది. పొద్దున్నే పరగడుపున ఓ చెంచాడు పుచ్చుకుని, కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగానని వీధంతా చాటింది. ఆ తర్వాత ఒకరు జుట్టుకు పట్టించారు, ఒకరు కుక్క అన్నంలో కలిపారు. వారం తిరక్కుండా సరుకు అయిపోవచ్చింది. అవతలి కొట్టువాడు తన ఎర్ర మూతలకు పసుపు రంగు వేస్తూ పట్టుబడ్డాడు.

ఈ సంగతులేవీ తూకంగారికి తెలియవు. తెలిసిందల్లా ఇంట్లో వేపుడును పిండితే దీపం వెలిగించేంత నూనె కారుతోందని, తన ప్యాంటు గుండీ పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టాల్సి వస్తోందని. ఓ రోజు అనుమానం వచ్చి మేత బస్తాలు తూచే పెద్ద కాటా ఎక్కి నిలబడ్డారు. ముల్లు చూసి కంగుతిన్నారు. అయినా ఇన్నేళ్ళ వృత్తి గౌరవం ఊరుకుంటుందా? కాటా చెడిపోయిందని ఫిర్యాదు రాసి మెకానిక్కును పిలిపించారు.

అతను అంతా విప్పి, చూసి, మళ్ళీ బిగించి, "కాటా బంగారంలా ఉంది సార్," అని ఆయన పొట్ట వైపు జాలిగా చూశాడు.

ఆ సాయంత్రమే ఆయన పక్క వీధి మీదుగా ఇంటికి వస్తూ బావమరిది కొట్టు ముందు జనాన్ని చూసి బ్రేకు వేశారు. కొట్టు మీద కొత్త బోర్డు. దాని మీద నవ్వుతున్న ఎలుక. ఎలుక మెడలో పసుపు చీటీ.

"ఏమయ్యా, ఏమిటిది? తీసెయ్ ముందు!"

"ఇప్పుడు తీసేస్తే అనుమానం వస్తుంది బావగారూ!"

ఇక లాభం లేదని తూకంగారు కొట్టు మెట్టెక్కి జనం వైపు తిరిగారు. "ఇదంతా అబద్ధమండీ! నేనేమీ చెప్పలేదు! నాకేమీ తెలీదు!"

జనంలో నిలబడ్డ టీచరమ్మ పక్కావిడ చెవి కొరికింది. "పాపం, పైవాళ్ళు ఆయన నోరు నొక్కేశారు. బయటికి రానివ్వరు ఇలాంటివి." అప్పటిదాకా ఒక్కో సీసా అడిగినవాళ్ళు రెండేసి అడగడం మొదలుపెట్టారు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన కోపం నషాళానికంటింది. "నా నెత్తిన చెయ్యి పెట్టి కదా ఒట్టు వేశావు!"

"తమ్ముడొక్కడికే చెప్పానండీ."

"వాడు?"

"వాడు కొట్టుకొచ్చిన వాళ్ళకే చెప్పాడు." ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎన్నాళ్ళకో మీరు నన్ను మనిషిగా చూసి ఒక మాట చెప్పారు. నాకు గొప్పగా అనిపించిందండీ. దాచుకోలేకపోయాను."

దాంతో ఆయన కోపం ఎటు పోయిందో తెలియదు. ఈవిడ మీద అరవడం కంటే, రెండేళ్ళు నోరు కుట్టుకు కూర్చున్న తన మీద తానే అరుచుకోవడం న్యాయమనిపించింది. కానీ న్యాయం వల్ల లాబ్‌లో ఉపయోగమేముంది? కబురు పొక్కింది. డాక్టరమ్మ శ్రమంతా తన ఒక్క మాటతో గంగలో కలిసింది. తర్వాతి వారం ఆఖరి తూకమయ్యేదాకా ఆయన పసుపు చీటీ బోనుల వైపు సూటిగా చూడలేకపోయారు. మామ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు ఎప్పటిలాగే చువ్వల్లోంచి ముక్కు బయటపెట్టి పలకరించేది.

ఆఖరి తూకం ముగిసిన రోజున డాక్టరమ్మ పిలిచింది. గదిలోకి అడుగుపెట్టిన తూకంగారికి ముందు కనిపించింది ఆవిడ కాదు, ఆవిడ బల్ల మీద పసుపు మూత సీసా.

"మా అమ్మ తెప్పించుకుంది. రోజూ తాగుతోంది," అంది డాక్టరమ్మ. "ఆ కొట్టతని బావగారు మన దగ్గరే తూస్తారట. ఎవరండీ ఆయన?"

తూకంగారు బుకాయించలేదు. "నేనే మేడమ్. పసుపు గుంపు బాగుందని ఇంట్లో నోరు జారాను. తప్పు నాది, మా ఆవిడది కాదు. మీ రెండేళ్ళ కష్టం పాడుచేశాను."

డాక్టరమ్మ పెదవులు బిగించి సీసాను పక్కకు జరిపింది. "తూకాలు యంత్రమే నమోదు చేసుకుంటుంది కదా? మీ చెయ్యి పడదు కదా?"

"పడదు మేడమ్."

"ఇప్పుడంతా అయిపోయింది కనుక చెప్పవచ్చు. మీరు నాలుగు రకాల నూనెలనుకున్నారు, అవునా? నాలుగు మేతల్లోనూ ఉన్నది ఒకటే నూనె. తేడా అంతా మోతాదులో. ఎర్ర చీటీ వాళ్ళకు అందరికంటే ఎక్కువ. పసుపు చీటీ వాళ్ళకు అందరికంటే తక్కువ."

తూకంగారికి ఇంట్లో వేపుళ్ళు గుర్తొచ్చాయి. రెండేసి సీసాలు అడిగిన జనం గుర్తొచ్చారు. "అంటే... మా వీధి వీధంతా..."

"ఎర్ర చీటీ వాళ్ళలా బతుకుతోంది. మా అమ్మతో సహా." ఆవిడ ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "మన పనికేమీ కాలేదు లెండి. ఎలుకలు మీ బావమరిది కొట్టుకు వెళ్ళవు కదా! కానీ మీ మీద మందలింపు రాయక తప్పదు. ఆ బోర్డు సాయంత్రంలోగా దిగిపోవాలి."

బోర్డు దిగింది. బావమరిది సంగతంతా విని, కాస్త ఆలోచించి, మరునాడు ఎలుక లేని కొత్త బోర్డు పెట్టాడు: 'మా నూనె ఎంత తక్కువ వాడితే ఒంటికి అంత మంచిది.' ఇంత నిజాయితీపరుడైన కొట్టువాణ్ణి ఎన్నడూ చూడలేదంటూ జనం మళ్ళీ వచ్చి కొనుక్కుపోయారు.

తూకంగారు మాత్రం ఆ రోజు పెందలాడే ఇంటికి వచ్చి, 'ఇదిగో' అనకుండా భార్యను పేరు పెట్టి పిలిచి, కళ్ళజోడు దుకాణానికి బయలుదేరదీశారు. దారి పొడవునా మొదటి రోజు నుంచి మందలింపు దాకా, మామ్మ గంతులతో సహా, ఒక్కటీ వదలకుండా చెప్పారు. ఆవిడ స్కూటరు వెనక ఆయన భుజం పట్టుకుని కూర్చుని, మధ్యలో అడ్డు రాకుండా అంతా విని, దుకాణం ముందు దిగాక నిట్టూర్చింది.

"రెండేళ్ళకి ఒక్క రహస్యం చెప్పారు. అదీ మీకే సరిగ్గా తెలీదు."